స్విచ్‌గ్రాస్: వేసిన ఏడాది కలుపే కనిపిస్తే దున్నేయాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. అమెరికాలోని దక్షిణ మిస్సోరీలో కొత్తగా కొన్న ఎనిమిది ఎకరాల వాలు భూమిలో మే నెలలో స్విచ్‌గ్రాస్ విత్తారు. ఆగస్టు చివరికి నడుము ఎత్తు కలుపు తప్ప మరేమీ కనిపించడం లేదు. ఈ గడ్డి స్వభావం ఏమిటి, దేనికి పనికివస్తుంది, ఇంధనానికి పెంచవచ్చా, మీ దగ్గరున్న రెండు గుర్రాలకూ మేకలకూ మేపవచ్చా, పొలం దున్నేసి మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు. ఆఖరి దానికి ముందుగా జవాబు చెబుతాను: దున్నవద్దు. ఈ గడ్డి వేసినవారిలో చాలామంది మొదటి వేసవి చివర ఇదే మాట అంటారు. వారిలో ఓపిక పట్టలేక దున్నేసినవారు బతికి ఉన్న పైరునే పాడుచేసుకోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

దున్నే ముందు చేయవలసిన పని ఒకటుంది. కలుపును చేతితో పక్కకు తప్పించి, నేల మీద మోకాలు ఆనించి, సన్నగా నిలువుగా ఉన్న గడ్డి మొక్కల కోసం వెతకండి. ఒక ఆకును కాండం నుంచి మెల్లగా వెనక్కి వంచి, ఆకు ఒరను విడిచే చోట చూడండి. స్విచ్‌గ్రాస్ అయితే అక్కడ తెల్లని నూగు అంచులా ఉంటుంది. దానికి ఆనుకొని ఆకు పైభాగంలో పొడవాటి వెంట్రుకలు త్రికోణాకారపు కుచ్చులా కనిపిస్తాయి. క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డికి ఆ చోట పల్చని పొర ఉంటుంది, మొక్క నేలకు పరుచుకుపోతుంది. ఫాక్స్‌టైల్ కలుపుకు నూగు అంచు ఉన్నా ఆ త్రికోణపు కుచ్చు ఉండదు. అనుమానం తీరకపోతే మొక్కను తడి మట్టితో సహా తవ్వి మొదలు కడిగి చూడండి. ఏకవార్షిక కలుపుకు వేళ్లు మాత్రమే ఉంటాయి. స్విచ్‌గ్రాస్‌కు ఆగస్టు నాటికి మొదలు దగ్గర మొనదేలిన పాలిపోయిన మొగ్గలు, భూగర్భ కాండాలుగా మారబోయేవి, కనిపించడం మొదలవుతుంది. వచ్చే ఏడాది పైరంతా ఆ మొగ్గల నుంచే వస్తుంది.

ఇక గడ్డి సంగతికి వద్దాం. దీని శాస్త్రీయ నామం పానికం విర్గాటం. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు. రోమన్లు కొర్రను పిలిచిన పాత పేరు పానికం. విర్గాటం అంటే సన్నని బెత్తంలాంటిది అని అర్థం. మనకు తెలిసిన వరిగ, సామ కూడా ఇదే పానికం ప్రజాతిలోనివే కాబట్టి, విచ్చుకున్న వరిగ వెన్నును చూసినవారికి దీని వెన్ను కొత్తగా అనిపించదు: వదులుగా, కొమ్మకొమ్మలుగా విడివడి, ఒక్కొక్క కొమ్మ కొసన చిన్న గింజతో, దూరం నుంచి చూస్తే పొగమంచు తెరలా ఉంటుంది. తేడా ఏమిటంటే వరిగ, సామ ఒక్క పంటకాలంలో ముగిసిపోతాయి. ఇది బహువార్షికం, బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా ఒకే మొదలు మీద చిగురిస్తుంది. రాకీ పర్వతాలకు తూర్పున, కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో దాకా ఇది సహజంగా పెరిగే గడ్డి. పెద్ద బ్లూస్టెమ్, చిన్న బ్లూస్టెమ్, ఇండియన్‌గ్రాస్‌లతో కలిసి ఒకప్పటి పొడుగు గడ్డి ప్రెయిరీకి, అంటే అక్కడి విశాలమైన గడ్డి మైదానానికి, ఆధారంగా నిలిచిన నాలుగు ప్రధాన గడ్లలో ఇదొకటి.

పైన ఐదారు అడుగులు కనిపించే ఈ మొక్క వేళ్లు మంచి లోతైన నేలలో పది అడుగుల దాకా దిగుతాయి. నీటి కాలువ కోసం తవ్విన ఒక గోతి పక్క గోడలో ఆ వేళ్లను నేను మొదటిసారి చూశాను. నా తల ఎత్తుకు మించిన లోతులో కూడా పురికొస మందాన వేళ్లు మట్టిని పట్టుకొని ఉన్నాయి. కరువును ఇది తట్టుకోవడానికీ, వాలు భూమిలో మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికీ, మొదటి ఏడాది పైకి కనిపించకుండా మిమ్మల్ని కంగారుపెట్టడానికీ కారణం ఆ వేళ్లే. మొదటి ఏడాది ఆకులు తయారుచేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగం కిందికే పోతుంది. మొక్కజొన్న, చెరకు లాగే ఇది సీ4 అనే, వేడిలో బాగా సాగే విధానంలో కిరణజన్య సంయోగక్రియ జరిపే వేసవి గడ్డి కాబట్టి, నేల వెచ్చబడితే తప్ప కదలదు. ఏప్రిల్‌లో చుట్టుపక్కల ఫెస్క్యూ అనే చల్లటి కాలపు మేత గడ్డి పచ్చగా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎండిన మోడులానే ఉంటుంది.

ఇందులో రెండు ముఖ్యమైన వర్గాలున్నాయి, విత్తనం కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడవలసింది దీన్నే. మెట్ట వర్గపు మొక్కలు సన్నని కాండంతో మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతాయి, చలినీ పొడినేలనూ బాగా ఓర్చుకుంటాయి. పల్లపు వర్గం దుబ్బుగా, ముతక కాండంతో, ఏడెనిమిది అడుగులు, దక్షిణాదిలో అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది. కొంతకాలం నీళ్లు నిలిచినా చావదు, దిగుబడి ఎక్కువ, కాని ఉత్తరాది చలికి తట్టుకోదు. మీరు వేసినది ఏ రకమో రాయలేదు. మీ ప్రాంతంలో ఎక్కువగా వాడేవి రెండు: దక్షిణ ఇల్లినాయిలో సేకరించి 1973లో విడుదల చేసిన కేవ్-ఇన్-రాక్, ఓక్లహోమాలో సేకరించి 1963లో కాన్సాస్‌లో విడుదల చేసిన కాన్లో. మొదటిది మెట్ట వర్గం, రెండోది పల్లపు వర్గం. 1978లో విడుదలైన అలామో టెక్సస్ నుంచి వచ్చింది. దాని దిగుబడి అంకెలు చూసి ఆశపడి ఉత్తరాదిలో వేసినవారు ఒక్క గట్టి చలికాలంతో సగం దుబ్బులు పోగొట్టుకుంటారు.

దీనికి కారణం పగటి నిడివి. ఈ గడ్డి పూతకు రావడం చాలావరకు పగలు ఎంతసేపు ఉంటుందన్నదాని మీద ఆధారపడుతుంది. దక్షిణాది రకాన్ని ఉత్తరానికి తీసుకువెళితే, వేసవి పగళ్లు దీర్ఘంగా ఉండడం వల్ల ఆలస్యంగా వెన్ను వేస్తుంది, ఎక్కువ పెరుగుతుంది, కాని చలి వచ్చేనాటికి వేళ్లలోకి ఆహారం దాచుకోవడం పూర్తికాదు. ఉత్తరాది రకాన్ని దక్షిణానికి తెస్తే తొందరగా వెన్ను వేసి పొట్టిగా ఆగిపోతుంది. విత్తనపు మూలస్థానం మీ పొలానికి ఉత్తర దక్షిణాలుగా మూడు వందల మైళ్లకు మించి దూరం లేకుండా చూసుకోవడం నేను పాటించే లెక్క. తూర్పు పడమరల దూరం అంత పట్టింపు కాదు, వర్షపాతం మరీ మారనంతవరకు.

తరువాత విత్తనపు సంచి మీది చీటీ. మీ నారు పల్చగా రావడానికి కారణం అక్కడే ఉండవచ్చునని నా అనుమానం. స్విచ్‌గ్రాస్ విత్తనాన్ని సంచి బరువుతో కాక శుద్ధమైన, ప్రాణమున్న విత్తనపు బరువుతో లెక్కిస్తారు. స్వచ్ఛత 95 శాతం, మొత్తం జీవశక్తి 80 శాతం ఉంటే, రెండూ గుణిస్తే 76 శాతం. ఎకరాకు ఆరు పౌండ్ల అసలు విత్తనం పడాలంటే సంచి నుంచి దాదాపు ఎనిమిది పౌండ్లు తీయాలి. పౌండుకు రెండున్నర లక్షలకు పైగా గింజలుంటాయి కాబట్టి, ఆ లెక్కన చదరపు అడుగుకు 35 గింజలు పడినట్టు. ఇంతవరకు సరే; చిక్కు ఆ 80 శాతంలో ఉంది. చీటీలో మొలక శాతం వేరు, నిద్రావస్థలో ఉన్న గింజల శాతం వేరు రాసి, రెండూ కలిపి జీవశక్తిగా చూపుతారు. తాజా విత్తనంలో వెంటనే మొలిచేవి 20 శాతమే ఉండి, నిద్రలో ఉన్నవి 60 శాతం ఉండడం కూడా జరగవచ్చు. అలాంటి విత్తనాన్ని మే నెలలో వేస్తే, లెక్కకు సరిపడా వేసినా మొలిచేది నాలుగో వంతే. మిగిలిన గింజలు చావలేదు. మీ పొలంలో చలికాలపు తడిలో నాని, వచ్చే వసంతంలో మొలవడానికి సిద్ధంగా ఉంటాయి. దున్నవద్దని చెప్పడానికి ఇది రెండో కారణం, దున్నితే అవి లోతుకు పోతాయి.

ఈ నిద్రను తీర్చే మార్గాలు రెండున్నాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య విత్తితే చలి, తడి కలిసి ఆ పని చేసిపెడతాయి. లేదా విత్తనాన్ని పొడి చోట ఒక ఏడాది నిల్వ ఉంచి వేస్తే నిద్ర చాలావరకు తగ్గిపోతుంది. వసంతంలోనే వేయాలనుకునేవారు పాత విత్తనం అడిగి తీసుకోవడం మంచిది. వరి విత్తనం విషయంలో తాజాదనం కోసం వెతికే అలవాటు ఉన్నవారికి ఇది తలకిందులుగా తోస్తుంది.

విత్తే లోతు గురించి నా సొంత పొరపాటు చెబుతాను. మొదట్లో నేను మొక్కజొన్న అలవాటుతో అంగుళంన్నర లోతున వేశాను. మూడు వారాల తరువాత తవ్వి చూస్తే, గింజ నుంచి దారంలాంటి తెల్లని మొలక పైదాకా వచ్చి, పైన రెండు ఆకులు వేసి, అలాగే వాడిపోయి ఉంది. కారణం తరువాత అర్థమైంది. ఈ మొలకలో గింజకూ మొక్క మొదలుకూ మధ్య ఉన్న సన్నని కాడ సాగి, మొక్క మొదలును నేల పైభాగానికి దగ్గరగా తీసుకువస్తుంది. మొక్కను నిలబెట్టే అసలు వేళ్లు అక్కడి నుంచే పుట్టాలి. గింజ నుంచి వచ్చిన మొదటి వేరు కొన్ని వారాలే మోయగలదు. లోతుగా వేస్తే గింజలోని ఆహారమంతా ఆ కాడ సాగడానికే ఖర్చవుతుంది. పై మట్టి ఎండితే కొత్త వేళ్లు పుట్టవు. అందువల్ల పావు అంగుళం నుంచి అర అంగుళం లోతు చాలు. దుక్కి గుల్లగా ఉండకూడదు: మనిషి నడిస్తే బూటు ముద్ర పడాలి తప్ప మడమ దిగబడకూడదు. విత్తే ముందూ తరువాతా రోలర్ తిప్పడం ఖర్చనుకోవద్దు. వాలు భూమి కాబట్టి మీకైతే దుక్కి లేకుండా, ముందు సీజన్లోనే పాత గడ్డిని మందుతో చంపి, విత్తే యంత్రం డ్రిల్‌తో విత్తడం మరింత నయం.

మొదటి ఏడాది ఎరువు విషయంలో ఒకే మాట: నత్రజని వేయవద్దు. వేసిన నత్రజనిని ఈ మొక్క కన్నా ముందు కలుపు తినేస్తుంది. భాస్వరం, పొటాష్, సున్నం మట్టి పరీక్షలో తక్కువ అని తేలితేనే వేయాలి. ఉదజని సూచిక (పీహెచ్) 5 నుంచి 8 మధ్య ఉన్న నేలల్లో ఇది బతుకుతుంది. కలుపును ఎత్తుగా కోయడం చవకైన మార్గం: కలుపు మోకాలి ఎత్తుకు రాగానే, స్విచ్‌గ్రాస్ మొక్కల కొసలకు తగలకుండా పైన కోసేస్తే వాటికి వెలుతురు అందుతుంది. ఇప్పుడు ఆగస్టు చివర కాబట్టి కోత యంత్రాన్ని ఎంత ఎత్తుకు అమర్చగలిగితే అంత ఎత్తుకు అమర్చి ఒక్కసారి కోయండి, ఆ తరువాత మంచు పడేదాకా ముట్టుకోవద్దు. శరదృతువులో మిగిలిన ఆకే వేళ్లకు ఆహారం పంపుతుంది. మందుల విషయానికి వస్తే, వెడల్పాకు కలుపు మీద 2,4-డి, మొక్కకు నాలుగైదు ఆకులు వచ్చాకే. గడ్డి జాతి కలుపుకు క్విన్‌క్లోరాక్ పనిచేస్తుంది. అట్రజిన్‌ను ఈ మొక్క తట్టుకుంటుంది గాని, అది లైసెన్సు ఉన్నవారు మాత్రమే వాడవలసిన మందు. ఏ మందైనా మీ రాష్ట్రంలో ఈ పైరుకు అనుమతి ఉందో లేదో డబ్బా మీది లేబుల్‌లో చూశాకే ముట్టుకోండి.

ఉపయోగాలలో ముందుగా మేత, ఎందుకంటే మీకు పశువులున్నాయి. గుర్రాలకు పెట్టవద్దు. మేకలకూ గొర్రెలకూ కూడా పెట్టవద్దు. ఈ గడ్డిలో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి. వాటి వల్ల ఈ జంతువులలో కాలేయం దెబ్బతిని, ఆకుపచ్చని మేతలోని పత్రహరితం విడిపోగా వచ్చే పదార్థం రక్తంలో పేరుకుంటుంది, ఎండ తగిలినప్పుడు చర్మం కాలినట్టు అవుతుంది. ముట్టె, చెవులు, తెల్లని మచ్చలున్న చోట్ల చర్మం ఎర్రబడి ఉబ్బడం, కళ్లు పచ్చబడడం దాని గుర్తులు. ఎండుగడ్డి చేస్తే విషం పోతుందని కొందరు చెబుతారు, నమ్మవద్దు. మీ కంచె అవతల గుర్రాలున్న గడ్డిబీడుకూ ఈ పొలానికీ మధ్య తలుపు ఉంటే ఈ చలికాలంలోనే దానికి గొలుసు వేయండి.

ఆవుల జాతి పశువుల సంగతి వేరు. ఆవులకూ కోడెలకూ ఇది మంచి వేసవి మేత, ఫెస్క్యూ వడలిపోయే జూన్, జులై నెలల్లో అందివస్తుంది. పద్దెనిమిది, ఇరవై అంగుళాలు పెరిగాక వదిలి, ఎనిమిది, పది అంగుళాలకు తగ్గగానే తోలేయాలి. ఎండుగడ్డికైతే వెన్ను ఇంకా ఆకు ఒరలో దాగి ఉండగా, చిరుపొట్ట దశలోనే కోయాలి. వెన్ను బయటపడ్డాక పోషకాలు రోజురోజుకూ పడిపోతాయి, జులై చివరికి పశువు మూతి తిప్పుకునే చొప్ప మిగులుతుంది. ఎప్పుడు కోసినా ఆరు అంగుళాల మోడు వదలండి. ఫెస్క్యూ కోసినట్టు నేలకు సాపుగా కోస్తే, మూడు నాలుగేళ్లలో దుబ్బులు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి.

మీ వాలు భూమికి మాత్రం అన్నిటికన్నా విలువైన ఉపయోగం మట్టిని నిలబెట్టడమే. కాలువ గట్టు మీద, పొలం దిగువ అంచున అడ్డంగా పెంచిన ఒక దట్టమైన వరుస, గట్టి కాండాల వల్ల పారే నీటి వేగాన్ని తగ్గించి, నీటితో వచ్చిన ఒండ్రును ఎగువనే పడేస్తుంది. 1985 వ్యవసాయ చట్టంతో మొదలైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ (సాగు మాని నేలను కాపాడే రైతులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) కింద లక్షల ఎకరాల్లో గడ్లు వేసినప్పుడు ఇది విరివిగా వాడుకలోకి రావడానికి ఆ గుణమే కారణం. మంచు కురిసినా కాండాలు పూర్తిగా పడిపోవు కాబట్టి ఫెజెంట్, బాబ్‌వైట్ కౌజులకు చలికాలపు గూడు అవుతుంది. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి: కౌజుల కోసం వేసేవారు ఉత్త స్విచ్‌గ్రాస్ వేయడం పొరపాటు. దట్టమైన పైరులో వేలెడు కౌజు పిల్ల నడవలేదు, దానికి కావలసిన పురుగులు పూల మొక్కల దగ్గరే ఉంటాయి. విత్తన మిశ్రమంలో దీన్ని తక్కువ పాలులో ఉంచి, చిన్న బ్లూస్టెమ్, పూల మొక్కలు ఎక్కువ కలపాలి. కొంచెం వేసినా అది తన చోటు తాను సంపాదించుకుంటుంది.

ఇంధనం గురించి కూడా అడిగారు. అమెరికా ఇంధన శాఖ 1991లో దీన్ని ఇంధనపు గడ్లలో నమూనా పైరుగా ఎంచుకుంది. 2006లో అధ్యక్షుడు బుష్ కాంగ్రెస్ ప్రసంగంలో పేరెత్తడంతో వార్తల్లోకి ఎక్కింది. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో నెబ్రాస్కా, దక్షిణ, ఉత్తర డకోటాల రైతుల పొలాలలో పండించిన గడ్డి లెక్కల ప్రకారం, పెట్టిన శిలాజ ఇంధన శక్తికి ఐదు రెట్లకు పైగా ఇథనాల్ రూపంలో తిరిగి వస్తుందని అంచనా వేశారు. పొలంలో లెక్క బాగానే ఉంది. మిల్లులో లెక్క కుదరలేదు: గడ్డి పీచును చక్కెరలుగా విడగొట్టడం మొక్కజొన్న పిండిని మార్చినంత తేలిక కాదు. కొనేవాడితో ఒప్పందం చేతిలో లేకుండా ఎనిమిది ఎకరాల్లో ఇంధనం కోసం దీన్ని పెంచమని నేను ఎవరికీ చెప్పను. ఇంధనానికైనా, పశువుల కింద పరుపుకైనా మంచు పడ్డాక కోయాలి. అప్పటికి నత్రజని, ఇతర పోషకాలు కాండం నుంచి మొదటికి దిగిపోయి ఉంటాయి, మరుసటి ఏడాది ఎరువు తగ్గుతుంది.

తెగుళ్లలో తుప్పు తెగులు ఆకుల మీద ఇటుకరంగు పొడిగా కనిపిస్తుంది, చాలాసార్లు పట్టించుకోనక్కరలేదు. కాటుక తెగులు పడితే మొక్కలు పొట్టిగా ఉండి తొందరగా వెన్ను వేస్తాయి, గింజ స్థానంలో నల్లని పొడి ఉంటుంది. దానికి మందు లేదు, నమ్మకమైన విత్తనమే మార్గం.

మీ పొలానికి ఇక చేయవలసింది ఏమిటంటే, వచ్చే మే నెల మూడో వారం దాకా ఆగి లెక్కపెట్టడం. ఇనుప జాలీ నుంచి ఆరు అంగుళాల గళ్లు ఐదుకు ఐదు ఉండేలా, మొత్తం 25 గళ్ల చతురస్రం ఒకటి కత్తిరించుకోండి. పొలంలో ఒక చోట పడేసి, మొదలు ఉన్న గళ్లు ఎన్నో లెక్కపెట్టి, పక్కకు మూడుసార్లు తిప్పి మళ్లీ లెక్కపెడితే నూరు గళ్లు అవుతాయి. ఇలా పొలంలో కనీసం ఎనిమిది పది చోట్ల చేయండి; వాలు పైన, మధ్యన, కింద లెక్కలు వేరు వేరుగా రాసుకోండి. నూటికి యాభై గళ్లలో మొక్క ఉంటే పైరు బ్రహ్మాండంగా ఉన్నట్టే. పాతికకూ యాభైకీ మధ్య ఉంటే మట్టిని నిలబెట్టడానికి సరిపోతుంది, ఇంకో ఏడాదికి అది తానే నిండుకుంటుంది. పాతిక కన్నా తక్కువ ఉన్న ముక్కలను గుర్తుపెట్టుకొని, ఆ తరువాతి జనవరిలో, నేల రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతున్న రోజుల్లో, దున్నకుండా అక్కడ మాత్రమే మళ్లీ విత్తనం వేయండి. రెండో ఏడాది ఎండుగడ్డి కోసం పెంచేట్టయితే, ఎకరాకు 30 నుంచి 60 పౌండ్ల నత్రజనిని మే మధ్యలో, గడ్డి అడుగు ఎత్తుకు వచ్చాక వేయండి. ఏప్రిల్‌లో వేస్తే ఫెస్క్యూకు పోతుంది. లెక్క వచ్చాక ఆ అంకెలు, సంచి చీటీ మీది రకం పేరు, మొలక, నిద్రావస్థల శాతాలు ఇక్కడ రాస్తే, ఏ ముక్కకు ఎన్ని పౌండ్లు వేయాలో చెబుతాను.